పన్నెండేళ్ల నార్మల్

మా ల్యాబులో నన్ను అందరూ నార్మలమ్మ అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది కానీ, అది హాజరు పుస్తకానికే తప్ప ఎవరి నోటికీ రాదు. ఈ పేరు నాకు నా రక్తం వల్ల వచ్చింది. ఇరవై రెండేళ్ల కిందట నేను చేరినప్పుడున్న పెద్దాయన ఒక పద్ధతి పెట్టారు. ఏ కొత్త పరీక్ష మొదలుపెట్టినా, జబ్బుమనుషుల రక్తంతో పాటు జబ్బులేని మనిషి రక్తం కూడా ఒకటి పక్కన పెట్టి చూడాలి. అందులో ఏమీ కనబడకూడదు. కనబడిందంటే పరీక్షలోనే తేడా ఉందన్నమాట. మరి ఆ జబ్బులేని మనిషిని ఎక్కడ వెతుకుతాం? "నువ్వు గుండ్రాయిలా ఉన్నావుగా, చెయ్యి చాపు" అన్నారాయన. చాపాను. ఇప్పటికీ చాపుతూనే ఉన్నాను.

ఏటా పెద్ద ఫ్రీజరు కడిగే రోజున నా రక్తం తీస్తారు. దాన్ని గడ్డకట్టనిచ్చి, మిషన్లో గిరగిరా తిప్పితే పైన ఎండుగడ్డి రంగు నీరు తేలుతుంది. ఆ నీటిని చిటికెనవేలంత ట్యూబుల్లో పోసి, ఒక్కోదాని మీద 'నార్మల్' అని, దాని కింద సంవత్సరం, నా చేత్తోనే రాసి లోపల పెడతాను. మూడేళ్లు దాటినవి పారెయ్యాలని రూలు. నేను పారెయ్యలేదు. ఆ ఫ్రీజరు వచ్చి పన్నెండేళ్లయింది, పన్నెండేళ్ల ట్యూబులూ అడుగు అరలో ఒక పెట్టెలో ఉన్నాయి. తనిఖీకి వచ్చినవాళ్లు అడిగితే, "నా ఒంట్లోంచి తీసింది, నా చేత్తో మూత బిగించింది. మీకు చోటు కావాలంటే మీ సామాను తీసుకెళ్లండి" అన్నాను. నా నోటికి జడిసి ఎవరూ మళ్లీ అడగలేదు.

నా నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను. కానీ నా వేళ్లు మంచివి. కళ్లు మూసుకుని చూపుడువేలు ఆనించి నరం ఎక్కడుందో చెప్పగలను. ముసలివాళ్లు, పసిపిల్లలు, పొడిపించుకుని పొడిపించుకుని నరాలు దాక్కున్నవాళ్లు, ఎవరైనా సరే ఒక్క పోటుతో తీస్తాను. వార్డుల నుంచి ఫోన్లు వస్తాయి, "నరం దొరకట్లేదు, నార్మలమ్మని పంపండి" అని. ఆ ఫోను మోగినప్పుడు నాకు కలిగే గర్వం ఇంతా అంతా కాదు.

ఇంట్లో నేనూ అక్కా ఇద్దరమే. బావ పోయాక అక్క నా దగ్గరికి వచ్చేసింది. నాకు పెళ్లి ఊసే పట్టలేదు. అక్క పుస్తకాలు బైండింగు చేసేది. అచ్చయిన ఫారాలు మడిచి, ఎముక బద్దతో నొక్కి, సూదితో కుట్టి, అట్ట వేసిందంటే ఆ పుస్తకం చిరిగేది కాదు. ఇంట్లో చిన్నప్పుడు మేం తిట్టుకుని చించుకున్న నోటుబుక్కులు కూడా తనే మళ్లీ కుట్టి ఇచ్చేది. పదహారేళ్ల కిందట ఆ చేతులు పొద్దున్నే బిగుసుకుపోవడం మొదలైంది. గంటసేపు వేళ్లు ముడుచుకునేవి కావు. "పని చేసే చేతులు నొప్పెట్టవా ఏంటి" అనేది. నేను కూడా, అదీ ల్యాబులో పని చేస్తూ, "బామ్ రాసుకోవే" అన్నాను. రెండేళ్లు బామ్ రాసుకుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి కీళ్లని జబ్బు తినేసింది. మందులతో అది ఆగింది కానీ, పోయింది తిరిగి రాలేదు. వేళ్లన్నీ గాలికి వాలిన గడ్డిలా చిటికెనవేలి వైపు ఒరిగిపోయాయి. సూది పట్టుకోలేదు, సీసా మూత తియ్యలేదు, జాకెట్టు గుండీ పెట్టుకోలేదు.

అందుకే రోజూ పొద్దున్న నేను ల్యాబుకి వెళ్లే ముందు అక్క గుండీలు పెడతాను. ఆరు గుండీలు. ఆ ఆరు గుండీల సేపూ అక్క నన్ను ఆటపట్టిస్తూనే ఉంటుంది. "నీ వేళ్లు చూస్తే నాకు కుళ్లుగా ఉందే" అంటుంది. తర్వాత తనే, "పోనీలే. మనిద్దరికీ పంచాల్సింది దేవుడు పొరపాటున నా కంచంలోనే వడ్డించేశాడు. నీ వంతు కూడా నేనే తినేశాను, నువ్వు హాయిగా ఉండు" అంటుంది. పద్నాలుగేళ్లుగా ఈ మాట వింటున్నాను. మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత తెలిసింది, అది వేళాకోళం కాదని. ఆ మాట పట్టుకునే అక్క ప్రతి పొద్దూ మంచం దిగుతోంది. తన చేతులు పోయినందుకు ఒక అర్థం దొరికింది దానికి. నేను బాగుండటమే ఆ అర్థం.

ఇదిలా ఉండగా ఈ ఏడు మా ఆసుపత్రికి కొత్త కీళ్ల డాక్టరు వచ్చింది. చిన్న మనిషి, పెద్ద కళ్లజోడు, ఎప్పుడూ పరుగే. కీళ్లవాతం ఉన్నవాళ్ల తోబుట్టువుల్ని, పిల్లల్ని పిలిచి, నొప్పి లేకపోయినా రక్తం పరీక్ష చేస్తానంది. ఈ జబ్బు ఒంట్లో బయటపడక ముందే, ఒక్కోసారి ఏళ్ల ముందే, రక్తంలో ఒక రకం యాంటీబాడీలు కనబడతాయట. వాటిని చూసి ఎవరికి జబ్బు వచ్చే అవకాశం ఎక్కువో ముందే తెలుసుకోవచ్చట. ఇన్నాళ్లూ ఆ పరీక్ష బయటికి పంపేవాళ్లం. ఇక మనమే చేద్దామని కిట్లు తెప్పించింది.

"మీ అక్కగారికి ఉందిగా, మీరు కూడా పేరు రాయించుకోండి" అని ఆ డాక్టరు నన్ను అడిగింది కూడా.

"నాకెందుకండీ? నా రక్తం ఇరవై రెండేళ్లుగా నార్మల్. బోర్డు మీద రాసుంది చూడండి" అన్నాను. మా ల్యాబు గోడ మీద నిజంగానే ఒక బోర్డుంది. ఏ పరీక్షకి ఏ రక్తం పక్కన పెట్టాలో అందులో ఉంటుంది. నార్మల్ అన్న చోట నా పేరు. డాక్టరు నవ్వి ఊరుకుంది.

పరీక్ష నడిపే పని చుక్కలాయనది. ఆయన నా పక్క బల్ల మీద పందొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాడు. ఒక్క చుక్క ఎక్కువ పడిందని అనుమానమొస్తే చాలు, మొత్తం పారబోసి మళ్లీ మొదలుపెడతాడు. అందుకే ఆ పేరు. ఈ పరీక్షకి అరచెయ్యంత ప్లాస్టిక్ ప్లేటు ఉంటుంది. దాంట్లో తొంభై ఆరు బుల్లి గుంటలు, వరసకి పన్నెండు చొప్పున ఎనిమిది వరసలు. ఒక్కో గుంటలో ఒక్కో మనిషి రక్తపు నీరు వందరెట్లు పలచన చేసి పోస్తాడు. కాసేపాగి కడుగుతాడు. ఇంకో మందు పోస్తాడు, మళ్లీ కడుగుతాడు. చివర్న రంగు మందు. యాంటీబాడీ ఉన్న గుంట నీలంగా మారుతుంది, దాని మీద ఆసిడ్ చుక్క పడగానే పసుపుపచ్చగా అవుతుంది. లేని గుంట మంచినీళ్లలా ఉండిపోతుంది.

మొదటి రోజు ప్లేటు తీసి చూస్తే, కిట్టుతో వచ్చిన మంచి రక్తం నీళ్లలా ఉంది, జబ్బు రక్తం పచ్చగా ఉంది, అంతా సవ్యంగానే ఉంది. మా నార్మల్ మాత్రం చిక్కటి పసుపుపచ్చ.

"కడగలేదు మీరు" అన్నాను.

"మూడుసార్లు కడిగాను తల్లీ."

"ఎలా కడిగారో కనబడుతూనే ఉంది."

రెండో రోజు ఆయన అయిదుసార్లు కడిగాడు. నార్మల్ మళ్లీ పచ్చగా వచ్చింది. నేను ల్యాబంతా వినబడేలా అరిచాను. పిపెట్టు కొన మార్చలేదన్నాను, పక్క గుంటలోది చిందించారన్నాను, కళ్లజోడు మార్చుకోమన్నాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఆ ట్యూబే పాడై ఉంటుంది" అని గొణిగాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు! నా ట్యూబుని ఏమన్నా అంటే బాగుండదు మాస్టారూ" అన్నాను.

మూడో రోజు ఆయన నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఫ్రీజరులోంచి ఈ ఏటివే కొత్త ట్యూబులు మూడు తీశాడు. మూడూ విడివిడిగా, మూడేసి గుంటల్లో పోశాడు. మొత్తం తొమ్మిది. నేను కాపలా పోలీసులా పక్కనే నిలబడి ప్రతి కడుగుడూ లెక్కపెట్టాను. ఎక్కడా వంక దొరకలేదు. మధ్యాహ్నం ఆసిడ్ వేశాడు. తొమ్మిది గుంటలూ ఒక్కలా పచ్చబడ్డాయి. ఎంత ఒక్కలా అంటే, ఒకే కుంచెతో వేసినట్టు.

ఆయన ప్లేటు బల్ల మీద పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. తర్వాత చాలా మెల్లగా అడిగాడు.

"మీ అక్కయ్యగారి జబ్బు పేరేంటన్నారు?"

చెప్పడానికేముంది, ఆ పేరు కిట్టు డబ్బా మీదే ఉంది. చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మూడు రోజులుగా మేం తప్పు ఎక్కడుందో వెతుకుతున్నాం. కీళ్లవాతం పరీక్షకి కీళ్లవాతం మనిషి చెల్లెల్ని తీసుకొచ్చి జబ్బులేని మనిషిగా నిలబెట్టాం. అక్క సంగతి ల్యాబులో ప్రతివాడికీ తెలుసు. ఒక్కడికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. బోర్డు మీద అలా రాసుంది మరి.

స్టూలు మీద కూర్చుని నా చేతులు చూసుకున్నాను. ఎప్పటి చేతులే. వాపు లేదు, నొప్పి లేదు. పొద్దున్న ఇవే చేతులతో ఆరు గుండీలు పెట్టి వచ్చాను.

"పొరపాటయి ఉండొచ్చు తల్లీ. బయటి ల్యాబుకి కూడా పంపిద్దాం" అన్నాడు చుక్కలాయన. మూడు రోజులు నా చేత అన్ని తిట్లు తిన్న మనిషి!

"తొమ్మిది గుంటలు పొరపాటు చేస్తాయా మాస్టారూ? మీరు పొరపాటు చెయ్యరు. నాకు తెలుసు. తెలిసే తిట్టాను" అన్నాను. ఇన్నేళ్లలో నేను ఆయనకి చెప్పిన క్షమాపణ అదొక్కటే. ఆయన తలూపాడు.

అప్పుడు నాకు అడుగు అర గుర్తొచ్చింది.

"పన్నెండేళ్లవీ ఉన్నాయి" అన్నాను.

ఆయనకి వెంటనే అర్థమైంది. కళ్లు పెద్దవయ్యాయి. "ముందు డాక్టరుగారికి చెప్దాం" అన్నాడు.

డాక్టరు పరిగెత్తుకుంటూ వచ్చింది. నా ముఖం చూసి, "మీకు నిజంగా చూడాలనుందా? చూడకపోయినా ఏం ఫరవాలేదు. చికిత్సకి ఇవాళ్టి రక్తం చాలు" అంది.

"నా రక్తం, నా ట్యూబులు. చూడాల్సిందే" అన్నాను.

మర్నాడు పొద్దున్న పెట్టె తీశాం. మూతల మీద మంచు. వేలితో తుడిస్తే కింద నా రాత. నార్మల్, నార్మల్, నార్మల్. పాత ట్యూబుల మీద నా చేతిరాత గుండ్రంగా ఉంది, పోనుపోను గీతలు గీతలైంది. చుక్కలాయన పన్నెండు ట్యూబులూ కరిగించి, ఒకే వరసలో, ఎడమ నుంచి కుడికి, ఏడాది తర్వాత ఏడాది పోశాడు. ప్లేటు వరసకి పన్నెండు గుంటలే ఉండటం, నా దగ్గర పన్నెండేళ్లే ఉండటం, కావాలని చేసినట్టు కుదిరింది. డాక్టరు తన రోగుల్ని వదిలేసి మా వెనక నిలబడింది.

ఆసిడ్ పడింది.

మొదటి గుంట నీళ్లు. రెండోది నీళ్లు. మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు, అన్నీ నీళ్లే. ఎనిమిదో దాంట్లో, కింద తెల్ల కాగితం పెట్టి చూస్తే తప్ప తెలియనంత, ఒక్క పిసరు పసుపు. తొమ్మిదోది ఇంకాస్త. పదోది నిమ్మతొక్క రంగు. పదకొండు చిక్కబడింది. పన్నెండు నిన్నటి రంగే.

ఏడుపు రాలేదు, భయం కూడా వెంటనే రాలేదు. ముందు వచ్చింది ఆశ్చర్యం. అమ్మో, ఎంత ఆశ్చర్యమో! నా ఒంట్లో అయిదేళ్లుగా జరుగుతున్న సంగతి, నాకు తెలియకుండా, నా చేత్తోనే రాసి, నేనే దాచిపెట్టుకున్నాను. ఎనిమిదో ఏడాది ఏం జరిగిందా అని గుర్తు చేసుకున్నాను. ఏమీ జరగలేదు. ఆ ఏడు నాకు జలుబు కూడా చెయ్యలేదు. వంటింటికి రంగులు వేయించడానికి మనుషులు రాకపోతే నేనే నిచ్చెనెక్కి వేసుకున్నాను. ఆ గోడకి రంగు వేస్తున్నప్పుడే లోపల ఎక్కడో, ఏ శబ్దమూ లేకుండా, ఇంకో రంగు మొదలైంది. ఇన్నాళ్లూ వేలమంది రక్తం తీశాను, అందులో ఒక్క బొట్టు కూడా నాకు ఇంత పెద్దదిగా కనబడలేదు.

"నా జీవితంలో ఇలాంటిది చూడలేదు" అంది డాక్టరు, గొంతు తగ్గించి. చుక్కలాయన ప్లేటు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పెద్దవాళ్ల ముందు నిలబడినట్టు.

తర్వాత డాక్టరు నన్ను తన గదికి తీసుకెళ్లి విడమరిచి చెప్పింది. "యాంటీబాడీలంటే ఇంటి కాపలా కుక్కల్లాంటివమ్మా. బయటి దొంగల్ని చూసి మొరగాలి. మీవి ఇంటివాళ్లని చూసి మొరగడం మొదలెట్టాయి. ఇంకా కరవలేదు."

"మొరిగే కుక్క కరవదంటారుగా" అన్నాను. నా నోరు అప్పుడు కూడా ఊరుకోలేదు.

ఆమె నవ్వింది. "కొన్ని కరవవు. నిజంగానే, ఇవి రక్తంలో ఉండి కూడా జబ్బు రానివాళ్లున్నారు. కానీ మీకు వాటి అంకె ఎక్కువగా ఉంది, ఏటేటా పెరుగుతోంది, పైగా తోబుట్టువుకి జబ్బుంది. అందుకని రాదని చెప్పలేను. వస్తుందనీ చెప్పలేను. ఒక్కటి మాత్రం చెప్పగలను. వస్తే, మొదటి వారాల్లోనే పట్టుకోవచ్చు. అప్పుడే మందు మొదలెడితే కీళ్లు నిలబడే అవకాశం చాలా ఎక్కువ. మీ అక్కగారికి దొరకనిది అదే."

చేతులకి స్కాన్ తీసింది. ఎక్కడా వాపు లేదు. పొగ జోలికి పోవద్దంది, నాకు ఎలాగూ అలవాటు లేదు. చిగుళ్ల జబ్బు కూడా దీన్ని రెచ్చగొడుతుందట, పళ్ల డాక్టరుకి చూపించుకోమంది. మూడు నెలలకోసారి రమ్మంది. వేళ్లు అరచేతిని కలిసే చోట, కణుపుల వరసని అడ్డంగా పట్టుకుని నొక్కింది. "ఇక్కడ నొప్పి వచ్చినా, పొద్దున్నే బిగుసుకున్నా, ఆ రోజే ఫోన్ చెయ్యండి. మర్నాడు కాదు" అంది.

ల్యాబుకి వెళ్లి బోర్డు మీద నా పేరు నేనే తుడిచాను. అది కష్టమనిపించలేదు. ఇంటికి వెళ్లడం కష్టమైంది. బస్సులో కూర్చుని ఆరు గుండీల గురించే ఆలోచించాను. నా వేళ్లు పోతే అక్క గుండీలు ఎవరు పెడతారు? అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి. "నీ వంతు కూడా నేనే తినేశాను" అన్న మాట. అది పోతే అక్క దగ్గర ఇంకేముంది? ఆరునూరైనా చెప్పకూడదని బస్సు దిగేలోపు ఒట్టు పెట్టుకున్నాను.

రెండు రోజులు చెప్పలేదు. మామూలుగానే తిన్నాను, మామూలుగానే తిట్టాను. గుండీలు మామూలుగానే పెట్టాను. నాటకం బాగా రక్తి కట్టిందనే అనుకున్నాను.

మూడో రోజు పొద్దున్న మూడో గుండీ దగ్గర అక్క నా చేతుల్ని తన చేతులతో ఆపింది.

"ఎన్నాళ్లయింది?" అంది.

"ఏంటి?"

"నొప్పి మొదలై ఎన్నాళ్లయింది అంటున్నా."

"నొప్పేంటి? నాకేం నొప్పి?"

"ఒసేయ్, నా దగ్గరా? రెండు రోజుల్నుంచి చూస్తున్నా. కూచున్నప్పుడల్లా బల్ల కింద ఎడంచేత్తో కుడిచేతి కణుపులు నొక్కుకుంటున్నావ్. తర్వాత కుడిచేత్తో ఎడంచెయ్యి. రెండేళ్లు నేను చేసిన పని అదే. ప్రపంచంలో ఇంకెవరికన్నా తెలియకపోవచ్చు, నాకు తెలియదా?"

ఇక దాచడం నా వల్ల కాలేదు. మొత్తం చెప్పాను. బోర్డు, మూడు రోజుల పోట్లాట, తొమ్మిది గుంటలు, పన్నెండేళ్లు, కుక్కలు, అన్నీ. నొప్పి లేదని, ఇంకా రాలేదని, రాకపోవచ్చని పదిసార్లు చెప్పాను. అక్క సగం పెట్టిన గుండీలతో అలాగే కూర్చుని వింది. గోడ వైపు తిరిగి, "అయితే నేను తిన్నది నా వంతేనన్నమాట" అంది.

ఆ ఒక్క మాటకి నాకు ఏడుపు ముంచుకొచ్చింది. పన్నెండు గుంటల ముందు రాని ఏడుపు అప్పుడొచ్చింది. "క్షమించవే అక్కా" అన్నాను. దేనికో నాకే తెలియదు. బామ్ రాసుకోమన్నందుకో, బాగుండలేకపోయినందుకో.

అక్క కాసేపటికి ఇటు తిరిగింది. కళ్లు తడిగానే ఉన్నాయి, గొంతు మాత్రం పాత బైండింగు షాపు గొంతు. "ఏడవడం తర్వాత. ఆ రంగులు నాకు చూపించు. ఇవాళే" అంది.

ఆటోలో తీసుకెళ్లాను. అక్క మా ల్యాబుకి రావడం అదే మొదటిసారి. రంగులు నిలవవు కాబట్టి ప్లేటు అప్పటికే వెలిసిపోయింది. కానీ చుక్కలాయన ఆ రోజే ఫోటో తీసి, పెద్దది చేయించి, ఏ గుంట కింద ఏ సంవత్సరమో ఎర్ర సిరాతో రాసి పెట్టాడు. నేను చెప్పలేదు. తనకే తోచింది. అక్క వచ్చిందని కుర్చీ తుడిచి వేశాడు.

అక్క ఫోటోని ఒళ్లో పెట్టుకుని ఎడమ నుంచి కుడికి చూసింది. పుస్తకం కుట్టే ముందు ఫారాలు వరసలో ఉన్నాయో లేదో చూసినట్టు, ఒక్కోదాని దగ్గరా ఆగి చూసింది. "అబ్బ" అంది మెల్లగా. "అబ్బబ్బ. ఎంత బుద్ధిగా వచ్చిందే. ఒక్క అడుగు కూడా తప్పకుండా." తర్వాత తన వంకర వేలు ఎనిమిదో గుంట మీద పెట్టింది. ఆ వేలు నిటారుగా నిలవదు, పక్క గుంటలోకి జారుతుంది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని అక్కడే నిలబెట్టింది.

"నాకు ఇక్కడ ఎవరన్నా చెప్పుంటే" అని ఆగిపోయింది.

చుక్కలాయన తల దించుకున్నాడు.

"నాది ఎవరూ దాచలేదుగా" అంది అక్క. తర్వాత నా వైపు చూసింది. "నీకు చెప్పింది. నీ పెంకితనమే నీకు చెప్పింది. పారెయ్యమంటే పారెయ్యలేదుగా."

అక్క లేచి చెయ్యి చాపింది. "నా రక్తం కూడా తియ్యి. దాచు. మీ బోర్డు మీద జబ్బు రక్తం అని ఒకటుంటుందిగా, అక్కడ రాయి. ఇన్నాళ్లూ ఊరికే కూచుంది, ఏదో ఒక పనికి రానీ."

అక్క నరాలు మందులతో నలిగి లోపలికి పోయాయి. కళ్లు మూసుకుని చూపుడువేలు ఆనించాను. దొరికింది. ఒక్క పోటుతో తీశాను. ట్యూబు మీద ఏం రాయాలో చుక్కలాయన అడిగితే 'అక్క' అని రాశాను. నా పన్నెండు ట్యూబుల పక్కనే పెట్టాం.

ఇది జరిగి ఏడు నెలలైంది. రెండుసార్లు డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాను. అంకె అలాగే ఉంది, కీళ్లు బాగున్నాయి. రేపేమవుతుందో నాకూ తెలియదు, ఆ కళ్లజోడు డాక్టరుకీ తెలియదు. ఫ్రీజరు కడిగే రోజున పదమూడో ట్యూబు పెట్టాను. దాని మీద నార్మల్ అని రాయలేదు, తారీకు మాత్రం రాశాను.

అక్క ఇప్పుడు కంచం మాట ఎత్తదు. ఒకరోజు మాత్రం, "మొయ్యడం అయిపోయిందే, ఇక కాపలా కాస్తా" అంది. అన్నట్టే కాస్తోంది. పొద్దున్న నేను గుండీల మీద చెయ్యి వేసే ముందు తన రెండు చేతులూ చాపుతుంది. నా కుడిచేతిని ఆ ఒరిగిపోయిన వేళ్ల మధ్య ఇరికించుకుని, కణుపుల వరసని అడ్డంగా నొక్కుతుంది. ఆ చేతుల్లో బలం లేదు. నొక్కినప్పుడు నొప్పి నాకు కాదు, తనకి. పళ్లు బిగపట్టడం నాకు కనబడుతుంది. వద్దంటే వినదు.

"నొప్పా?"

"లేదు."

"అబద్ధమా?"

"కాదే తల్లీ."

"రెండో చెయ్యి ఇయ్యి." మళ్లీ నొక్కుతుంది, మళ్లీ అడుగుతుంది. నా ముఖంలోకి చూస్తుంది, ఎక్కడన్నా దాస్తున్నానేమో అని. అప్పుడు వదిలిపెడుతుంది.

"సరే. గుండీలు పెట్టు."